వయొలిన్ పాడుతుంటే మిగతా ముగ్గురూ ఏమి చేస్తున్నారు?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి ఇంటర్ దాకా కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. కొన్ని చిన్న కచేరీల్లో పక్కవాద్యం కూడా వాయించాను. ఈ సెమిస్టర్‌లో సంగీత విభాగం వారి రచన కోర్సు ఒకటి తీసుకున్నాను. బయటి విభాగాల వారికి కూడా అందులో చోటుంది. చివర్లో ఫ్లూట్, క్లారినెట్, వయొలిన్, చెల్లో (మంద్రంగా పలికే పెద్ద తీగ వాద్యం) అనే నాలుగు వాద్యాలకు మూడు నిమిషాల రచన ఇవ్వాలి. సంగీత విద్యార్థులు నలుగురు 20 నిమిషాల్లో దాన్ని చూసి వాయించి రికార్డు చేస్తారు. నేను కల్యాణిలో ఒక వరుస కట్టి వయొలిన్‌కు ఇచ్చాను. మిగతా మూడు వాద్యాలకు కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వేశాను. కంప్యూటర్‌లో వింటే బాగానే ఉంది కాని సినిమా నేపథ్య సంగీతంలా ఉంది. ప్రొఫెసర్ చూసి, "సరుకు చాలా ఉంది, రచన తక్కువగా ఉంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. తరగతిలో మిగతావారంతా పియానో వాయిస్తూ, హార్మొనీ (స్వరాలను ఒకదానిపై ఒకటి పేర్చే శాస్త్రం) చదువుకుంటూ పెరిగినవారు. రాగం వాడితే "ఇండియా అమ్మాయి ఇండియా సంగీతం రాసింది" అనుకుంటారేమోనని బెంగగా ఉంది. వదిలేస్తే నా దగ్గర ఇంకేమీ లేదు. కోర్సు మానుకోవడానికి ఇంకా రెండు వారాల గడువుంది. మానేయమంటారా?
— ఒక విద్యార్థిని

సమాధానం:

మానేయకండి. అయితే ఇప్పుడు మీ దగ్గరున్న మూడు నిమిషాల రచనను మాత్రం పక్కన పెట్టేయండి. దాన్ని దిద్దుతూ కూర్చోవద్దు, కొత్త కాగితం తీసుకోండి.

మీ ప్రొఫెసర్ మాట కాస్త కటువుగా ఉంది కాని సరిగ్గా ఉంది. కల్యాణి సరుకు. మీరు కట్టిన వరుస సరుకు. కార్డ్స్ కూడా సరుకే, అదీ ఏ అంగట్లోనైనా దొరికే సరుకు. నలుగురు మనుషులు ఒక గదిలో కూర్చుని వాయించడానికి ఆ సరుకుతో మీరు ఏ ఏర్పాటు చేశారన్నదే రచన. ఒక పని చేసి చూడండి. మీ స్కోరులోంచి, అంటే నాలుగు వాద్యాల భాగాలూ కలిపి రాసిన ప్రతిలోంచి, క్లారినెట్ భాగం ఒక్కటే విడిగా అచ్చు తీసి ముందు పెట్టుకుని, మూడు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చోండి. నాలుగు దెబ్బల స్వరం, దాని తర్వాత మరో నాలుగు దెబ్బల స్వరం, ఆ తర్వాత ఇంకొకటి. మీరు చెప్పకపోయినా అలాగే ఉంటుందని నా ఊహ. ఏళ్ల తరబడి సాధన చేసి వచ్చిన ఒక విద్యార్థికి ఇచ్చే పని అదేనా? వయొలిన్ పాడుతోంది, సరే. మిగతా ముగ్గురూ ఏమి చేస్తున్నారు? చిన్న వాద్యబృందానికి రాసేవారు ప్రతి బార్ దగ్గరా, అంటే కాగితం మీద నిలువు గీతల మధ్య పడే ప్రతి కొలత దగ్గరా, ఈ ప్రశ్న వేసుకోవాలి. హార్మొనీ రాదని మీరు పడుతున్న దిగులు దీని ముందు చాలా చిన్నది.

చిత్రం ఏమిటంటే, ఈ ప్రశ్నకు జవాబులు ఆ తరగతిలో అందరికంటే మీ దగ్గరే ఎక్కువ ఉన్నాయి. మీరు పక్కవాద్యం వాయించినవారు. గాయని ఆలాపన చేస్తుంటే మీరు అర క్షణం వెనకగా అదే దారిలో నడిచారు. ఆమె ఆగినప్పుడు ఆమె వదిలిన స్వరాన్ని మీరు పట్టుకుని నిలిపారు. తర్వాత మీ వంతు వచ్చింది, అప్పుడు ఆమె మౌనంగా విన్నది. కల్పనస్వరాల్లో, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో, ఆమె రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) పాడితే మీరు రెండు వాయించారు. ఆమె ఒకటికి దిగితే మీరూ ఒకటికి దిగారు. ఆలాపన జరిగినంతసేపూ మృదంగం చేతులు కట్టుకుని కూర్చుంది, కీర్తన ఎత్తుకోగానే లేచింది. వెంట నడవడం, నిలిపి ఉంచడం, జవాబివ్వడం, ఎదురుచూడడం: ఇవన్నీ ఇద్దరు వాద్యకారుల మధ్య ఏర్పడే సంబంధాలు. కచేరీలో అవి అప్పటికప్పుడు పుడతాయి. ఇక్కడ వాటిని ముందే కాగితం మీద నిర్ణయించాలి. తేడా అంతే. పియానో దగ్గర కూర్చుని పెరిగినవారికి రెండు చేతులూ తమవే కావడంతో, ఎదుటి మనిషి ఎప్పుడు ఆగుతాడో చూస్తూ వాయించే అలవాటు చాలామందికి ఆలస్యంగా అబ్బుతుంది.

అందుచేత రాగంతో మొదలుపెట్టకండి, లెక్కతో మొదలుపెట్టండి. నిమిషానికి 60 దెబ్బల వేగంలో మూడు నిమిషాలంటే 180 దెబ్బలు. నాలుగు దెబ్బల బార్లుగా విడగొడితే 45. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో చెప్పుకుంటే ఇరవై రెండున్నర ఆవర్తనాలు.  ఇంత చిన్న స్థలంలో పరిచయం, పల్లవి, చరణం, ముగింపు అన్నీ పెట్టబోతే ఏదీ నిలవదు. ఒక సంబంధాన్ని ఎంచుకోండి, మహా అయితే రెండు. మిగతావి వచ్చే రచనకు దాచుకోండి.

ఉదాహరణకు తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాల వంతులో, మృదంగం, ఘటం మధ్య అంతకంతకూ పొట్టిబడుతూ సాగే ప్రశ్న-జవాబు ఉంది, దాని పేరు కురైప్పు. దాన్ని ఫ్లూట్‌కూ క్లారినెట్‌కూ ఇవ్వండి. ఫ్లూట్ 8 దెబ్బలు వాయిస్తుంది, క్లారినెట్ 8 దెబ్బల్లో జవాబిస్తుంది. తర్వాత నాలుగుకు నాలుగు, రెండుకు రెండు, చివరికి ఒకటికి ఒకటి. కలిపితే 30 దెబ్బలు. నాలుగు ఆవర్తనాలు నిండడానికి ఇంకా రెండు కావాలి. ఆ రెండింటినీ నలుగురికీ నిశ్శబ్దంగా వదిలేయండి. చెప్పిన వేగంలో మొత్తం 32 సెకన్లు. ఆ చివరి నిశ్శబ్దం దాకా చెల్లో ఒకే స్వరాన్ని కమానుతో పట్టుకుని ఉండవచ్చు, లేదా ప్రతి సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద ఒక్కసారి మాత్రం తీగ మీటవచ్చు. ఏది చేసినా ఆ గదిలో కూర్చున్నవారికి ఊపిరి బిగుసుకుంటున్నట్టు తెలుస్తుంది, కురైప్పు అనే మాట వారు జన్మలో విని ఉండకపోయినా సరే.

ముక్తాయింపు, అంటే ఒకే పలుకును మూడుసార్లు పలికి ముగించడం, కూడా అంతే. ఒక నాలుగు దెబ్బల పలుకు, రెండు దెబ్బల విరామం, మళ్లీ పలుకు, విరామం, మూడోసారి పలుకు: 4, 2, 4, 2, 4. పదహారు పూర్తయి సమం మీద పడతాం. ఇది మీకు నిద్రలో కూడా వచ్చు. మూడు పలుకులనూ మూడు వాద్యాలకు పంచి, సమం మీద మాత్రం అప్పటిదాకా ఊరుకున్న నాలుగోది ఒంటరిగా వచ్చేట్టు రాసి చూడండి. అది సమమే, కాని మీ గురువుగారు ఎప్పుడూ విననంత వింతగా వినిపిస్తుంది.

మూడోది వెంట నడవడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఫ్లూట్ ఒక వరుస వాయిస్తుంటే వయొలిన్ అదే వరుసను అర దెబ్బ వెనకగా, కొన్ని స్వరాలు వదిలేస్తూ, కొన్ని చోట్ల సాగదీస్తూ వాయిస్తే ఎలా ఉంటుంది? ఇద్దరూ కలిసి వాయిస్తున్నట్టూ ఉండదు, ఒకరిని ఒకరు అచ్చంగా అనుకరిస్తున్నట్టూ ఉండదు. కానన్, అంటే ఒకే వరుసను ఒకరి తర్వాత ఒకరు అచ్చంగా ఎత్తుకునే రచన, రాయడం మీ తరగతిలో అందరికీ వచ్చి ఉంటుంది. ఈ నీడ నడక మాత్రం పక్కన కూర్చుని వాయించినవారికే తెలుస్తుంది. ఎక్కడ వెనకబడాలి, ఎక్కడ అందుకోవాలి అన్నది ప్రతి స్వరానికీ రాయవలసి వస్తుంది. ఓపిక పడుతుంది, ఆ ఓపికే ఇక్కడ రచన.

ఇప్పుడు రాగం సంగతి. కల్యాణి కింద కార్డ్స్ పెడితే సినిమా సంగీతంలా ఎందుకు వినిపించిందో చూద్దాం. కార్డ్ ప్రతి స్వరాన్నీ ఒక చోట స్థిరంగా నిలబెడుతుంది. మన స్వరాల్లో చాలా వాటికి స్థిరంగా నిలబడడం ఇష్టం ఉండదు. కల్యాణి కాబట్టి ఎలాగో ఒదిగింది. తోడి గాంధారం కింద కార్డ్ పెట్టి చూడండి. అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ బతికే స్వరం. కింద పియానో గాంధారం గట్టిగా నిలబడితే పైన వయొలిన్ అపశ్రుతి పలుకుతున్నట్టు ఉంటుంది. అపశ్రుతి పోవాలంటే గమకం, అంటే ఆ ఊపు, తీసేయాలి, గమకం తీస్తే తోడి పోతుంది. సినిమా వాద్యబృందాల్లో ఈ పేచీ రాకుండా గమకాలను చదును చేసుకుంటూ వెళ్లడం మామూలే. మీ చెవికి తగిలింది ఆ చదునే.

గమకాలను పాశ్చాత్య లిపిలో ఎలా రాయాలని మీరు అడగలేదు కాని అడగబోతున్నారు. రాయవచ్చు, కొంతవరకే. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కంపితం (స్వరాన్ని ఊపడం), జారు (స్వరం నుంచి స్వరానికి జారడం), స్ఫురితం వంటి గమకాలకు విడివిడిగా గుర్తులున్నాయి. అంతకు పదకొండేళ్ల ముందు, 1893లో, చిన్నస్వామి ముదలియార్ మన కృతులను పాశ్చాత్య లిపిలోకి ఎక్కించే పని చేశారు. ఇద్దరి శ్రమకూ చేతులెత్తి మొక్కాలి. కాని ఆ గుర్తులు ఆ ధ్వని ముందే చెవిలో ఉన్నవారికి జ్ఞాపకం చేస్తాయి, ఎరగనివారికి కొత్తగా నేర్పవు. 20 నిమిషాల్లో అసలే నేర్పవు. వయొలిన్‌కూ చెల్లోకూ జారులు రాయండి, అవి వారికి తెలిసినవే: ఒక స్వరం నుంచి మరో స్వరానికి గీత గీస్తే చాలు. కంపితం కావలసిన చోట రెండు స్వరాలనూ చిన్న విలువల్లో విడదీసి రాయండి. అలాంటి చోట్లు రచన మొత్తంలో రెండు మూడుకు మించకూడదు. క్లారినెట్‌కు మాత్రం గమకం రాసే ముందు ఆ వాయించే మనిషిని ఒకసారి అడగండి. కొన్ని స్వరాల మధ్య జారడం ఆ వాద్యం మీద హాయిగా సాగుతుంది, కొన్నిటి మధ్య ససేమిరా అంటుంది.

రాగాన్ని ఇంకో దారిలో తీసుకోవచ్చు. చెల్లో తీగలు నాలుగు. కింది నుంచి పైకి పాశ్చాత్య పేర్లలో సి, జి, డి, ఎ. వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ. ఈ రెంటినీ కలిపి, మళ్లీ మళ్లీ వచ్చిన పేర్లు తీసేస్తే ఐదు మిగులుతాయి: సి, డి, ఇ, జి, ఎ. సి ని షడ్జమం అనుకుని పాడి చూడండి. మోహనం! ఇద్దరూ తీగ మీద వేలు పెట్టకుండానే మోహనం వాయించగలరు. వేలు పెట్టని తీగలకు ఒక బిగువు, ఒక మోత ఉంటాయి. మీది స-ప-స-ప శ్రుతి కాబట్టి ఈ సంగతి మీ చేతికి తెలియదు. అన్నట్టు, మీ వయొలిన్ మీద సులువుగా వచ్చేవన్నీ మీ రచన వాయించబోయే విద్యార్థిని వయొలిన్ మీద సులువుగా వస్తాయనుకోకండి. ఆమె తీగలన్నీ ఐదేసి స్వరాల దూరంలో ఉంటాయి. మీ వాద్యంలో మధ్య రెండు తీగల మధ్య దూరం వేరు. కలిసి మోగించే జంట స్వరాలన్నిటికీ వేళ్లు మారిపోతాయి.

ఇక్కడి నుంచి గ్రహభేదంలోకి, అంటే అవే స్వరాలుంచి షడ్జమాన్ని మాత్రం మార్చే పద్ధతిలోకి, వెళ్లండి. ఫ్లూట్, క్లారినెట్, వయొలిన్ ఆ ఐదు స్వరాలనే వాయిస్తూ ఉంటాయి, ఒక్క స్వరమూ మారదు. చెల్లో మాత్రం కింద సి వదిలి డి పట్టుకుంటుంది. అంతే, మోహనం మధ్యమావతి అయిపోయింది. కాసేపాగి ఇ పట్టుకుంటే హిందోళం. ఇలా చేస్తే చెల్లోకు ఇక అడుగున కూర్చుని శ్రుతి వేసే పని కాదు, పైవాళ్లు ముగ్గురూ ఎక్కడున్నారో నిర్ణయించే పని. మీరు అడిగిన హార్మొనీ ఇదే. పుస్తకం తెరవకుండా మీకు వచ్చిన హార్మొనీ. పాశ్చాత్య శ్రోతకు ఇది కింది స్వరం మారగానే వెలుగు మారినట్టు వినిపిస్తుంది. మీ అమ్మమ్మగారికి రాగం మారినట్టు వినిపిస్తుంది. ఇద్దరూ సరిగ్గానే విన్నారు.

"ఇండియా అమ్మాయి" బెంగ గురించి ఎక్కువ మాట్లాడను. అనేవారు ఎలాగూ అంటారు. ఈ సమస్యను ఎదుర్కొన్న మొదటి మనిషి మాత్రం మీరు కాదు. హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ 1931లో, ఎరిక్ డోఫ్లైన్ అనే వయొలిన్ గురువు కోరిక మీద, రెండు వయొలిన్లకు 44 చిన్న రచనలు చేశాడు. దాదాపు అన్నీ పల్లెల నుంచి సేకరించిన జానపద వరుసల మీద కట్టినవే. వాటిలో పదింటినైనా స్కోరు చూస్తూ వినండి. వరుస వాయించే వయొలిన్‌ను పట్టించుకోకుండా రెండో వయొలిన్‌నే గమనించండి. ఒకచోట శ్రుతి పట్టుకుంటుంది. ఒకచోట చిన్న ముక్కను తిప్పి తిప్పి వాయిస్తుంది. ఒకచోట వరుసను కాస్త ఆలస్యంగా ఎత్తుకుని తరుముకొస్తుంది. జానపద వరుసకు ఆయన కార్డ్స్ కుట్టు వేయలేదు, దానికొక ఎదుటి మనిషిని ఇచ్చాడు. అప్పుడది అలంకారంగా మిగలలేదు. మీరు కురైప్పునూ నీడ నడకనూ తెచ్చినప్పుడు జరిగేదీ అదే. వినేవారు "ఎక్కడి రాగం?" అని అడిగే ముందే "ఈ నలుగురూ ఏమి చేస్తున్నారు?" అని చెవి ఒగ్గుతారు.

రచన చిన్నదైపోతుందని భయపడకుండా ఉండేందుకు మరో మూడు వినండి. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 1914లో స్ట్రింగ్ క్వార్టెట్‌కు (నాలుగు తీగ వాద్యాల బృందానికి) రాసిన మూడు రచనల్లో మొదటిది దాదాపు ఒక నిమిషం. మొదటి వయొలిన్‌కు నాలుగే స్వరాలు, అవే తిరుగుతుంటాయి. కింద చెల్లోది వేరే పొడవున్న చక్రం. రెండు తాళాలు పక్కపక్కనే నడిచినట్టు, ప్రతి చుట్టూ కొత్త చోట కలుస్తుంది. దీన్ని మీకు ఎవరూ వివరించనక్కర్లేదు. హంగేరీ స్వరకర్త లిగెటి 1953లో ఐదు గాలి వాద్యాలకు కూర్చిన ఆరు బగటెల్‌లలో (చిట్టి రచనల్లో) మొదటిదానికి నాలుగే స్వరస్థానాలు. సి ని షడ్జమం అనుకుంటే అవి స, రెండు గాంధారాలు, ప. రెండు గాంధారాలు ఒకదాన్నొకటి గిల్లుకుంటూ నడిచే ఆ అల్లరి వింటే, మీ కల్యాణిలో ఏడు స్వరాలూ అవసరమా అన్న అనుమానం మీకే వస్తుంది. ఇక ఆస్ట్రియా స్వరకర్త వెబర్న్ 1911-13 మధ్య స్ట్రింగ్ క్వార్టెట్‌కు రాసిన ఆరు బగటెల్‌లు అన్నీ కలిపినా ఐదు నిమిషాలు నిండవు. ఏ ఒక్కటీ 15 బార్లు దాటదు. మొదటిసారి వింటే ఏమీ అర్థం కాకపోవచ్చు, నచ్చకపోవచ్చు కూడా. నచ్చనక్కర్లేదు. ఒక్కొక్క స్వరం తర్వాత ఎవరు ఊరుకున్నారో మాత్రం లెక్కపెట్టండి.

కంప్యూటర్ గురించి కఠినంగా చెప్పాలి. "కంప్యూటర్‌లో వింటే బాగానే ఉంది" అన్నారు. అది బాగాలేదని ఎప్పుడూ చెప్పదు. దాని ఫ్లూట్‌కు ఊపిరి అక్కర్లేదు, దాని క్లారినెట్‌కు పెదవి అలిసిపోదు. ఫ్లూట్ అట్టడుగు స్థాయిలో స్వభావంగానే మెత్తని వాద్యం. ఆ స్థాయిలో దానికి వరుస ఇచ్చి కింద చెల్లోను గట్టిగా వాయించమంటే గదిలో చెల్లో ఒక్కటే వినిపిస్తుంది. కంప్యూటర్‌లో రెండూ చక్కగా వినిపిస్తాయి. క్లారినెట్ కింది స్థాయి నిండుగా ఉంటుంది, అసలు లేనట్టుండే నిశ్శబ్దంలోంచి మెల్లగా పుట్టగలదు. రెండు గాలి వాద్యాల్లో ఆ పని అంత నున్నగా చేయగలిగేది అదే. దాని మధ్యలో మాత్రం కొన్ని స్వరాలు పీలగా ఉంటాయి. ముఖ్యమైన మాటను అక్కడ పెట్టకండి. చెల్లోను ఎప్పుడూ అడుగునే కూర్చోబెట్టకండి. దాని పై తీగ మీద గొంతెత్తి పాడించి, వయొలిన్‌ను దానికంటే కిందికి దించి చూడండి. వయొలిన్ అన్నిటికన్నా కింది తీగ జి. దానికి దిగువన స్వరం లేదు, ఎంత బతిమాలినా రాదు.

అందరికంటే ముఖ్యం ఆ నలుగురు విద్యార్థులు. రచన పూర్తయ్యాక చూపిద్దామని ఆగకండి. ఈ వారమే ఎనిమిది బార్లు రాసి, క్లారినెట్ విద్యార్థిని సాధన గది దగ్గర పట్టుకుని పది నిమిషాలు అడుక్కోండి. ఆ పిల్లలు సాధారణంగా కాదనరు. తమ వాద్యం గురించి ఎవరైనా అడిగితే సంతోషిస్తారు. "బాగుందా?" అని మాత్రం అడగవద్దు, మర్యాదకు బాగుందనే అంటారు. "ఇందులో ఏ బార్ కష్టం?" అని అడగండి. "ఇదే మాటను ఇంకా సులువుగా ఎలా రాయవచ్చు?" అనండి. ఆ జవాబులన్నీ రాసుకోండి. నీడ నడక రాసిన చోట మీరు ఫ్లూట్ భాగం పాడుతూ వయొలిన్ విద్యార్థినిని వాయించమనండి. లిపిలో పట్టుబడని వెనకబాటు మీ గొంతు విన్నాక ఆమెకు తెలుస్తుంది. మన దగ్గర గురువు ముందు కూర్చుని నేర్చుకునే పద్ధతి ఇదే కదా. విశ్వవిద్యాలయంలో దాన్ని ఎవరూ నిషేధించలేదు.

ఆ రోజు 20 నిమిషాలు ఎలా కరిగిపోతాయో ఊహించుకోండి. కూర్చుని శ్రుతి చేసుకోవడానికే మూడు నాలుగు పోతాయి. మొదటిసారి ఆగి ఆగి వాయిస్తారు. రెండు మూడు చోట్ల తప్పిపోయి మళ్లీ మొదలుపెడతారు. చివర్లో రికార్డుకు రెండుసార్లు. ఇక మీరు మాట్లాడడానికి ఎంత మిగిలింది? రాగం, కురైప్పు, సంప్రదాయం అంటూ ఉపన్యాసం ఎత్తుకోవద్దు. వేగం చెప్పండి, ఎవరి వెంట ఎవరు నడుస్తున్నారో చెప్పండి, చాలు. మిగిలినదంతా కాగితమే చెప్పాలి. అందుకే విడి భాగాల అచ్చు మీద రెండు పూర్తి రోజులు పెట్టండి. బార్ అంకెలు ఉండాలి. ఎక్కడెక్కడి నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చో పెద్ద అక్షరాలతో గుర్తులుండాలి. ఎంత గట్టిగా, ఎంత మెత్తగా అన్నది ప్రతి వాద్యానికీ విడిగా రాయాలి, స్కోరు పైన ఒకసారి రాస్తే సరిపోదు. ఫ్లూట్‌కు ఊపిరి తీసే చోట్లు మీరే చూపండి, లేకపోతే సరిగ్గా మీకిష్టం లేని చోట తీస్తుంది. కాగితం తిప్పవలసి వస్తే రెండు చేతులకూ తీరిక ఉన్న బార్ దగ్గర తిప్పించండి. ఎక్కువ బార్లు ఊరుకున్న తర్వాత వచ్చే చోట, అంతకు ముందు ఎవరు వాయిస్తున్నారో చిన్న స్వరాల్లో క్యూ పెట్టండి.

క్లారినెట్ భాగం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బి-ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీద సి చూసి వాయిస్తే బయటికి బి-ఫ్లాట్ వస్తుంది. అందరితో పాటు సి పలకాలంటే దాని కాగితం మీద డి ఉండాలి. సాఫ్ట్‌వేర్ అడిగితే మార్చి పెడుతుంది, కాని అడగాలి. తరగతిలో తొలిసారి రాసేవారి రచనల్లో సగం నిమిషాలు ఈ ఒక్క గందరగోళానికే పోవడం అందరికీ అనుభవమే.

వాయించడం అయిపోయాక నలుగురి దగ్గరి నుంచీ విడి భాగాలను అడిగి వెనక్కి తీసుకోండి. రికార్డింగు ఎలాగూ వింటారు. దానికంటే ముందు ఆ కాగితాల మీద పెన్సిల్ గీతలు చూడండి. ఎక్కడో ఒక స్వరం చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది, అది ప్రతిసారీ తప్పిన స్వరం. మీరు పెట్టని చోట ఒక కామా ఉంటుంది, ఊపిరి అక్కడ కావలసి వచ్చింది. ఎవరో ఒకరు బార్ పైన కళ్లజోడు బొమ్మ గీసి ఉంటారు. వాద్యకారుల భాషలో దానికి "ఇక్కడ తలెత్తి చూడు" అని అర్థం. అంటే ఆ చోట ఎదుటివారు ఎప్పుడు వస్తారో కాగితాన్ని బట్టి తెలియలేదన్నమాట. తుది ప్రతిలో అక్కడ క్యూ ముద్రించి, అప్పుడు ప్రొఫెసర్‌కు ఇవ్వండి.